ఊరి బడిలో సైగకు చోటేది?

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులో 31వ సెక్షన్ చదవడానికి ముచ్చటగా ఉంటుంది. నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న ప్రతి బిడ్డకూ ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉందట. ఆ చదువు ఇంటి దగ్గరి బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్నది వాళ్ల ఇష్టమేనట. ఈ సెక్షన్‌ను బాపట్ల జిల్లా కారంచేడుకు తీసుకెళ్లి చూద్దాం. పుట్టు చెవుడున్న ఆరేళ్ల పిల్ల తండ్రికి అక్కడ కనిపించేవి రెండే దారులు. ఒకటి నడిచి వెళ్లగలిగే ఎలిమెంటరీ స్కూలు. రెండోది అటూ ఇటూగా పాతిక కిలోమీటర్ల అవతల, బాపట్లలో ఉన్న ప్రభుత్వ బధిరుల ఆశ్రమ పాఠశాల. మొదటి చోట అమ్మ ఉంటుంది గానీ ఆ పిల్లకు అందే భాష ఉండదు. రెండో చోట భాష దొరుకుతుంది గానీ సాయంత్రానికి అమ్మ దగ్గరికి చేరే వీలుండదు. చట్టం ఇచ్చిన ‘ఇష్టం’ చివరికి ఈ రెండు నష్టాల్లో ఏది తక్కువో తేల్చుకోవడం దగ్గర ఆగిపోతోంది.

కారంచేడు అనగానే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది 1985 జులై 17. ఆనాటి దాడి నుంచి బయటపడ్డ దళిత కుటుంబాలు చీరాల చేరి, అక్కడి విజయనగర్ కాలనీలో కొత్త బతుకు మొదలుపెట్టాయి. సినిమావాళ్లకు ఇది దగ్గుబాటి రామానాయుడు పుట్టిన ఊరు. పిల్లల శస్త్రచికిత్సలో పేరు గడించిన డాక్టర్ యార్లగడ్డ నాయుడమ్మదీ ఇదే ఊరు. 2022 ఏప్రిల్ 4న ఈ మండలం ప్రకాశం జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ఎవరూ అనుకుని చేయకపోయినా దానివల్ల ఒక మేలు జరిగింది. బధిర పిల్లల ఆశ్రమ పాఠశాల, జూనియర్ కళాశాల ఉన్న పట్టణమే ఇప్పుడు జిల్లా కేంద్రం. సైగల భాష ధారాళంగా వచ్చినవాళ్లు ఏటా అక్కడి నుంచి బయటికొస్తున్నారు. రాష్ట్రంలో చాలా జిల్లాలకు లేని సంపద ఇది. దాన్ని పక్క మండలాల ఎలిమెంటరీ బడులకు ఎలా చేర్చాలన్నదే ఇక్కడి ప్రశ్న.

లెక్క దగ్గర మొదలుపెట్టాలి. ప్రపంచవ్యాప్తంగా వేసే అంచనా ప్రకారం వెయ్యి కాన్పులకు ఒకరి నుంచి ముగ్గురి దాకా చెప్పుకోదగ్గ వినికిడి లోపంతో పుడతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్లు 50 లక్షల పైచిలుకు. అంకె పెద్దదే. అరవై డెబ్బై మంది పిల్లలుండే పల్లె బడికి వచ్చేసరికి మాత్రం అది సున్నా అవుతుంది, మహా అయితే ఒకటి అవుతుంది. ఏళ్ల తరబడి అలాంటి బిడ్డ రానే రాదు. వస్తే ఒక్కతే వస్తుంది. కాలు సరిగా లేని పిల్లాడు ఇంటర్వెల్లో పరుగెత్తలేకపోయినా పక్కవాడితో కబుర్లాడుకుంటాడు. చెవుడున్న బిడ్డకు కరువయ్యేది ఆ కబుర్లే. తరగతిలో పాఠం పోవడం కంటే అది పెద్ద నష్టం. పిల్లలు భాషను తోటి పిల్లల దగ్గర కూడా నేర్చుకుంటారు. పైగా పదిమంది బధిర పిల్లల్లో తొమ్మిది మందికి పైగా వినగలిగిన తల్లిదండ్రులకు పుట్టినవాళ్లే. కాబట్టి ఇంట్లో సైగల భాష వచ్చినవాళ్లు ఉండరు. వేలు చూపించడం, కళ్లెగరేయడం, అన్నం అన్నట్టు చెయ్యి నోటి దగ్గర పెట్టడం, ఇంటి భాష అక్కడితో సరి. నిన్న జరిగింది చెప్పడానికీ, రేపటి సంగతి అడగడానికీ అది చాలదు.

‘సమ్మిళిత విద్య’ పేరుతో మనం చేస్తున్నది, ఆ ఒక్క బిడ్డను దగ్గరి బడి హాజరు పట్టీలో ఎక్కించి, మధ్యాహ్న భోజనం పెట్టి, అయిదో తరగతి దాకా పై తరగతికి పంపించడం. చేరికల అంకె సరిపోతుంది.

ఆ తరగతి గదిలో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. పెదాలు చూసి పట్టేస్తుందిలే అని చాలామంది టీచర్లకు ధీమా. పాట, బాట, మాట. ఈ మూడింటినీ అద్దం ముందు నిలబడి గొంతు బయటికి రానీయకుండా పలికి చూడండి. మూడింటికీ పెదాలు ఒకే తీరుగా మూసుకుని తెరుచుకుంటాయి. క, గ, హ గొంతు దగ్గరే పుడతాయి కనుక పెదాల మీద వాటి ఆనవాలే ఉండదు. పెదాలు చదవగలిగినవాళ్లు నిజానికి చేసేది, తమకు ముందే వచ్చిన భాషతో ఖాళీలు పూరించుకోవడం. ఇంకా భాషే పట్టుబడని ఆరేళ్ల పిల్ల వేటితో పూరించుకుంటుంది? ఇది చాలదన్నట్టు టీచరు సగం పాఠం బోర్డు వైపు తిరిగి రాస్తూ చెబుతుంది. అప్పుడు ఆ పెదాలు కూడా కనిపించవు.

చెవి మిషన్ ఇచ్చాంగా అంటారు అధికారులు. నిజమే, క్యాంపులు పెట్టి ఇస్తున్నారు. అయితే మామూలు మిషన్ పని శబ్దాన్ని పెంచడం. టీచరు గొంతుతో పాటు గిర్రున తిరిగే ఫ్యానునూ, పక్క గదిలో వల్లించే ఎక్కాలనూ, రోడ్డు మీద ట్రాక్టరునూ పెంచి చెవిలో పోస్తుంది. మాట్లాడే మనిషి రెండు మీటర్లు అవతలికి జరిగితే ఆ రొదలో గొంతు కలిసిపోతుంది. చెవిలో ఇమిడే అచ్చు సంగతి ఇంకో తంటా. పిల్ల ఎదిగేకొద్దీ చెవి పెద్దదై అచ్చు వదులవుతుంది, మిషన్ కుయ్యిమని కూస్తుంది. కొన్ని నెలలకోసారి కొత్త అచ్చు తీయించాలంటే పట్నం వెళ్లాలి, ఒక రోజు కూలి పోగొట్టుకోవాలి. కూత భరించలేక సౌండు తగ్గిస్తారు. తగ్గించాక వినపడదు. వినపడని మిషన్ బీరువాలోకి చేరుతుంది.

కాక్లియర్ ఇంప్లాంట్ దీనికి పై మెట్టు. లక్షల ఖరీదు చేసే ఈ ఆపరేషన్‌ను పేదింటి పిల్లలకు అందుబాటులోకి తెచ్చింది 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. ప్రభుత్వాలు మారినా కొనసాగిన మంచి పని ఇది, మెచ్చుకోవాల్సిందే. కానీ ఆపరేషన్ బల్ల మీద మాట పుట్టదు. మెదడు ఆ కొత్త శబ్దాలకు అలవాటు పడాలంటే నెలల తరబడి థెరపీ కావాలి, తల్లి పక్కన కూర్చోవాలి, పరికరాన్ని ఎప్పటికప్పుడు సరిచేయించాలి. గుంటూరు, విజయవాడల్లో దొరికే ఈ సేవ పొలం పనులకెళ్లే ఇంటికి ఎంత దూరమో చెప్పనక్కర్లేదు. వారంటీ దాటాక తీగ తెగినా, పైభాగం పాడైనా ఖర్చు వేలల్లోకి పోతుంది. బ్యాటరీ అయిపోయిన రోజున ఆ పిల్లకు మళ్లీ నిశ్శబ్దమే. ఇంప్లాంట్ ఉన్న పిల్లలకూ సైగల భాష పక్కన ఉండాలని కోరేవాళ్ల వాదనలో ఈ పల్లె లెక్క కూడా ఉంది.

ఇక్కడే పాత భయం ఒకటి అడ్డొస్తుంది. సైగలు నేర్పితే మాట రాదని. దీనికి వయసు ఎక్కువే. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిర విద్య మీద అంతర్జాతీయ సభ జరిగింది. దాదాపు అందరూ వినగలిగినవాళ్లే కూర్చుని, బళ్లలో నోటి మాటే నేర్పాలి, సైగలు వద్దని తీర్మానించారు. దాంతో ఐరోపాలో బధిర టీచర్ల ఉద్యోగాలు పోయాయి, సైగ చేసిన పిల్లల చేతులకు దెబ్బలు పడ్డాయి. 1880ల్లో బొంబాయిలో, 1890ల్లో కలకత్తాలో, దక్షిణాన పాళయంకోట్టైలో మన దేశపు తొలి బధిర పాఠశాలలు లేచింది ఆ గాలి వీస్తున్న రోజుల్లోనే. 1960లో విలియం స్టోకీ అనే అమెరికన్ పండితుడు సైగల భాషకూ తనదైన వ్యాకరణం ఉందని చూపించాక ఆ గాలి మెల్లగా మళ్లింది. మిలాన్ తీర్మానాలు తప్పని 2010లో వాంకోవర్ సభ బాహాటంగా విచారం ప్రకటించింది. సైగల వల్ల మాట ఆగిపోతుందన్న మాటకు పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. ఈ కబురు మన ఊరి ఏఎన్ఎం దాకా, పిల్ల తాతయ్య దాకా ఇంకా చేరాల్సి ఉంది.

మరి ఆశ్రమ పాఠశాల సంగతి? సమాజం నుంచి పిల్లల్ని వేరుచేయడమేనని దాన్ని తీసిపారేసేవాళ్లున్నారు. అది తొందరపాటు. బధిర పిల్లలు గుంపుగా ఉండే చోటే భాష పండుతుంది. కొత్తగా వచ్చిన పిల్లలకు పై తరగతి పిల్లలే తొలి గురువులు. సిలబస్‌లో లేని వేళాకోళాలు, పేర్ల సైగలు, దెబ్బలాటలు అన్నీ హాస్టల్ వరండాలోనే వస్తాయి. చెల్లించాల్సిన మూల్యం కూడా తక్కువేమీ కాదు. ఆరేళ్లకే ఇల్లు విడవాలి. అమ్మానాన్నలకు సైగలు రాకపోతే సెలవులకు ఇంటికొచ్చిన బిడ్డ అక్కడ చుట్టంలా కూర్చుంటుంది. అందుకే చాలామంది తల్లులు ఇంకో ఏడాది చూద్దామంటూ వాయిదా వేస్తారు. ఎనిమిదేళ్లకో, పదేళ్లకో పంపుతారు. భాష సులువుగా అబ్బే వయసు అప్పటికి దాటిపోతుంది.

ఈ రెంటికీ మధ్య మూడో దారి ఉంది. ఊరిలోని మామూలు ప్రాథమిక పాఠశాలనే ఎంచుకుని, చుట్టుపక్కల బధిర పిల్లల్ని అక్కడికి చేర్చడం, ప్రతి తరగతిలో అయిదారుగురు ఉండేలా చూడడం, మామూలు టీచరు పక్కన బధిర విద్య చదివిన టీచరును నిలబెట్టడం. సింగపూర్‌లో బధిరుల ప్రత్యేక పాఠశాల పిల్లల సంఖ్య తగ్గి 2017లో మూతపడింది. ఆ మరుసటి ఏడాది నుంచి సైగలతో చదువుకునే పిల్లలకు ఆంగ్ మో కియో ప్రాంతంలోని మేఫ్లవర్ ప్రైమరీ స్కూలును కేటాయించారు. అది ప్రభుత్వ ఫ్లాట్ల మధ్య నడిచే సాధారణ బడి. కొన్ని పాఠాలు ఇద్దరు టీచర్లు కలిసి చెబుతారు, వినగలిగిన పిల్లలూ సైగలు నేర్చుకుంటారు. హాంకాంగ్‌లో చైనీస్ యూనివర్సిటీ 2006 నుంచి కౌలూన్ బే లోని ఒక క్యాథలిక్ ప్రాథమిక పాఠశాలలో ఇంకో అడుగు ముందుకేసింది. తరగతిలో వినగలిగిన టీచరుతో పాటు బధిర టీచరు కూడా పాఠం చెబుతారు. అమెరికాలో బర్బ్యాంక్ పట్టణపు ప్రభుత్వ బళ్లలో ఇలాంటి ప్రయత్నం 1980లలోనే మొదలైంది.

విదేశాల్లో డబ్బుంది కాబట్టి చేశారని కొట్టిపారేయొచ్చు. డబ్బు సంగతి తర్వాత చూద్దాం. ముందు గమనించాల్సింది వాళ్లు ఎంచుకున్న బళ్లను. కార్యక్రమాన్ని తెచ్చి పెట్టింది పిల్లలతో కళకళలాడే బడిలో, చుట్టుపక్కలవాళ్లు తమ పిల్లల్ని చేర్చాలనుకునే బడిలో. మనం చేసేది తలకిందులు. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఏదైనా పెట్టాలంటే చేరికలు పడిపోయి గదులు ఖాళీ అయిన బడి వెతుకుతాం. ఈ పిల్లల కోసమే పెట్టిన భవిత సెంటర్లు చాలాచోట్ల ప్రహరీ మూలనున్న గదిలో నడుస్తున్నాయి. ప్రభుత్వ బడి మీద తల్లిదండ్రుల నమ్మకం పోయిందనడం కూడా పూర్తి నిజం కాదు. నెల్లూరులో కేఎన్ఆర్ నగరపాలక ఉన్నత పాఠశాల గేటుకు కొన్నేళ్ల కిందట సీట్లు లేవని బోర్డు వేలాడదీయాల్సి వచ్చింది. బధిర పిల్లల తరగతి పెట్టాల్సింది అలాంటి బడిలో. వినగలిగిన పిల్లలు లేని బడిలో కలిసి చదవడం ఎవరితో?

అమెరికాలో మసాచుసెట్స్ తీరాన మార్తాస్ విన్‌యార్డ్ అనే దీవి ఉంది. అక్కడి చిల్మార్క్ గ్రామంలో పందొమ్మిదో శతాబ్దంలో పాతిక మందికి ఒకరు చెవుడుతో పుట్టేవారని మానవ శాస్త్రవేత్త నోరా ఎలెన్ గ్రోస్ 1985లో వచ్చిన పుస్తకంలో లెక్క తేల్చారు. దగ్గరి కుటుంబాల మధ్య తరతరాల పెళ్లిళ్లు దానికి కారణం. ఊరు ఊరంతా సైగలు నేర్చుకుంది. జాలర్లు పడవ నుంచి పడవకు సైగలతోనే మాట్లాడుకునేవారు. ఫలానా ఆయన చెవిటివాడా అని ముసలివాళ్లను అడిగితే గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చేదట. మేనరికాలు మనకూ కొత్త కాదు. వాటికి తోడు గర్భిణికి సోకిన రుబెల్లా, నెలలు నిండని కాన్పు, పుట్టగానే ముదిరిన పసిరికలు. పిల్లల్లో వినికిడి లోపం దాదాపు అరవై శాతం నివారించదగ్గదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చెవుడును ఆపే పని ఆసుపత్రి చూసుకోవాలి. ఆగనిదాన్ని ఊరు ఎలా కలుపుకోవాలో చిల్మార్క్ చూపించింది. అక్కడెవరూ జీవో ఇవ్వలేదు, రోజూ కంటికి కనిపించేవాళ్లతో మాట్లాడాలనుకున్నారు, అంతే. తరగతిలో అయిదారుగురు బధిర పిల్లలుంటే మిగతా పిల్లలు కూడా ఆ పనే చేస్తారు. ఒక్కరే ఉంటే జాలిపడి బిస్కెట్ ఇస్తారు.

ఇక డబ్బు, మనుషులు. రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక టీచరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని చెప్పింది. దాని ఒత్తిడితోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో 2,260 ప్రత్యేక విద్య టీచర్ పోస్టులు మంజూరు చేసింది. వాటిలో 1,136 ఎస్జీటీలు, 1,124 స్కూల్ అసిస్టెంట్లు. ఏళ్ల తరబడి ఐఈఆర్పీల (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్ల) కాంట్రాక్టు జీతాల మీద నడిచిన రంగంలో ఇది పెద్ద మలుపే. కానీ రాష్ట్రంలో ప్రభుత్వ బడులు నలభై వేలకు పైగా ఉన్నాయి. పోస్టులను బడికి ఇంత అని పంచితే ఎవరికీ అందవు. మండలానికి ఇంత అని పంచినా చిక్కే. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, చెవుడు, వీటన్నిటినీ ఒక్కరే చూసుకోవాలి. నిజానికి దేని చదువు దానిదే. బధిర విద్యలో డిప్లొమా చేసిన టీచరు మరో రకం వైకల్యం ఉన్న పిల్లల మధ్య కూర్చుంటే ఆ చదువు వృథా అవుతుంది.

అదే ఏడాది మేలో ఇంకో మార్పు వచ్చింది. మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని హైస్కూళ్లకు తరలించిన 2022 నాటి 117 జీవోను పక్కనబెట్టి, తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూళ్లను తెచ్చారు. ఒకే టీచరు అయిదు తరగతులూ లాగే బడిలో ఇద్దరు కలిసి పాఠం చెప్పడం మాటల్లోనే ఉంటుంది. తరగతికో టీచరున్న చోట అది కుదురుతుంది. ఈ రెండు ఉత్తర్వులనూ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన ఎవరికైనా వచ్చిందో లేదో!

బాపట్ల జిల్లా దీనికి తగిన నేల. కారంచేడు, వేటపాలెం, పర్చూరు, ఇంకొల్లు మండలాలకు చీరాల అందుబాటు పట్టణం. ఎటూ ఈ పల్లెల జనం సంతకీ ఆసుపత్రికీ అక్కడికే వెళ్తారు. చీరాలలో బాగా నడుస్తున్న ఒక ప్రాథమిక పాఠశాలను ఎంచుకుని, ఈ మండలాల బధిర పిల్లల్ని అక్కడ చేర్చి, బధిర విద్య చదివిన ఇద్దరు టీచర్లను వేస్తే బిడ్డ ఉదయం వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. రేపల్లె వైపు ఇలాంటిదే ఇంకొకటి. బాపట్ల ఆశ్రమ పాఠశాల హైస్కూలు చదువుకు ఉండనే ఉంది. అప్పటికి పిల్లకు పదకొండేళ్లు వస్తాయి, భాషా వచ్చి ఉంటుంది. హాస్టల్‌కు వెళ్లడం అప్పుడు అంత గుండెకోత కాదు.

అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది ప్రయాణం. ఆరేళ్ల పిల్ల రోజూ బస్సెక్కి చీరాల వెళ్లాలంటే వెంట ఎవరో ఒకరు ఉండాలి. సమగ్ర శిక్ష కింద రవాణా భత్యం, తోడు వచ్చేవారికి భత్యం, ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల స్టైపెండ్ ఉన్నాయి. వీటిని విడివిడిగా ఇచ్చే కంటే కలిపి ఒక ఆటో మాట్లాడితే ఖర్చులో పెద్ద తేడా రాదు. రెండోది, ఇంటి దగ్గరి బడి హక్కును నీరుగారుస్తున్నారన్న విమర్శ. ఇది గట్టి విమర్శే. నడక దూరంలోని బడిలోనే ఉంటామనే తల్లిదండ్రులను బలవంతపెట్టకూడదు. కానీ అదే చట్టం 16వ సెక్షన్‌లో, వినలేని పిల్లలకు వారికి సరిపోయే భాషలో, సరిపోయే పద్ధతిలో చదువు చెప్పాలని కూడా ఉంది. ఒక్క బిడ్డ ఉన్న బడిలో ఆ షరతు నెరవేరడం ఎలాగో ఈ విమర్శ చేసేవాళ్లు చెప్పరు. మూడోది మాధ్యమం గొడవ. మన ప్రాథమిక పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు. చేతిలో ఒక్క భాషా లేని బిడ్డ దగ్గర రెండింటిలో ఏది మేలని తగువులాడుకోవడం మనకే చెల్లింది.

సామగ్రి లేదన్న సాకు కూడా పాతబడింది. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంకేత భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో మూడు వేల పదాలతో నిఘంటువు తెచ్చి, 2021కల్లా దాన్ని పది వేలకు పెంచింది. పాఠ్యపుస్తకాలను సంకేత భాషలోకి తేవడానికి 2020లో ఎన్‌సీఈఆర్‌టీతో ఒప్పందం చేసుకుంది. 2024 డిసెంబరులో పీఎం ఈ-విద్యలో సంకేత భాషకు ప్రత్యేకంగా 31వ చానెల్ మొదలైంది. ఇవన్నీ ఫోన్‌లో చూడగలిగినవే. చూపించి, ఆపి, వివరించే మనిషే లేడు.

ఆ మనిషి బాపట్లలో దొరుకుతాడు. అక్కడ ఇంటర్ దాకా చదివి, ఇప్పుడు ఊళ్లో ఏదో చిన్న పని చేసుకుంటున్న బధిర యువతీ యువకులు ఈ జిల్లాలోనే ఉన్నారు. బధిరులకు సంకేత భాష బోధనలో డిప్లొమా కోర్సు కూడా దేశంలో నడుస్తోంది. సంకేత భాష వచ్చిన దివ్యాంగ టీచర్లకు శిక్షణ ఇచ్చి నియమించుకోవాలని 2016 చట్టం 17వ సెక్షన్ ప్రభుత్వాలకు చెప్పనే చెప్పింది. కానీ డీఎస్సీ అర్హతల్లో ప్రత్యేక విద్య డిప్లొమా, టెట్, భారత పునరావాస మండలి నమోదు అడుగుతారు. సంకేత భాష బోధన డిప్లొమా ఉన్న బధిరుడికి ఆ దరఖాస్తులో సొంత గడి లేదు. సమగ్ర శిక్షలో సహాయక పోస్టుగానైనా ఒక బడికి ఒకరిని తీసుకోవడానికి కొత్త చట్టం అక్కర్లేదు, జిల్లా నుంచి ఒక ప్రతిపాదన వెళ్తే చాలు. జూన్‌లో బళ్లు తెరిచే ముందు చీరాల, పర్చూరు, కారంచేడు మండలాల సదరం (వైకల్య ధ్రువీకరణ) జాబితాలు తీసి, పదేళ్ల లోపు పిల్లల్లో వినికిడి లోపం ఉన్నవారెందరో ఒక కాగితం మీద రాస్తే ఆ ప్రతిపాదనకు కావాల్సిన మొదటి అంకె తేలిపోతుంది.